ఇంకాల మెట్ల సేద్యం: అపోహలు - వాస్తవాలు

నేను నేల, నీటి సంరక్షణ పనులు చేసేవాణ్ని. కొండవాలు సాగు అనగానే ఒకప్పుడు పెరూను ఏలిన ఇంకాల మెట్ల పొలాల ప్రస్తావన తప్పకుండా వస్తుంది. ఫొటోలు అందరూ చూసినవే. అసలు పనితనం మాత్రం మట్టి కింద ఉంది.

అపోహ: వాలును మెట్లుగా చెక్కి, అంచున రాతి గోడ కడితే సరిపోతుంది.

వాస్తవం: అలా కడితే ఒక గట్టి వానకే గోడ పడిపోతుంది. తడిసి బరువెక్కిన మట్టి, బయటికి దారి లేని నీళ్లు కలిసి దాన్ని ముందుకు తోసేస్తాయి. ఇంకాల కొండ పట్టణం మచు పిచ్చులో ఏడాదికి దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అక్కడి మెట్టును తవ్వితే అడుగున రాతి ముక్కలు, వాటి మీద ఇసుక కలిసిన కంకర, పైన సాగు మట్టి కనిపిస్తాయి. వాన నీళ్లు మట్టిలో ఇంకి, కంకరలోకి దిగి, మెల్లగా బయటికి పోతాయి. గోడను కూడా కాస్త కొండవైపు వాల్చి కట్టారు. 500 ఏళ్లు దాటినా ఆ వాలు జారకుండా నిలిచిందంటే ఈ డ్రైనేజీ చలవే. అక్కడి పొలాలకు కాలువ నీళ్లు పెట్టలేదు, వానే చాలింది. ఇంకాల రాజధాని కుస్కో దగ్గరి టిపోన్‌లో మాత్రం ఊట నీటిని రాతి కాలువల్లో ఒక్కో మెట్టుకూ దించారు. ఎక్కడి నీటికి తగ్గట్టు అక్కడి కట్టుబడి! ఇంకాల పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

అపోహ: ఇదంతా ఇంకాలే కనిపెట్టారు.

వాస్తవం: వాళ్లకు వందల ఏళ్ల ముందే హువారి ప్రజలు మెట్లు కట్టారు. టిటికాకా సరస్సు ఒడ్డున కాలువల మధ్య ఎత్తు మడులు వేసే పద్ధతి క్రీస్తుపూర్వం నాటిది. 15వ శతాబ్దంలో ఇంకాలు మెట్ల సేద్యాన్ని భారీ ఎత్తున విస్తరించారు. శ్రమనే పన్నుగా తీసుకునే ‘మిత’ పద్ధతి అందుకు పనికొచ్చింది.

అపోహ: ఒంటె జాతి జంతువులైన లామాలతో దున్నేవారు.

వాస్తవం: లామాలు బరువులు మోశాయి, ఎరువు ఇచ్చాయి. దున్నింది మనుషులే. చాకితాక్యా అనే కాలి నాగలికి పొడవాటి కర్ర, చివర మొన, పాదం ఆనించడానికి ఒక అడ్డకర్ర ఉంటాయి. మగవాళ్లు వరసగా నిలబడి, తొక్కి పెళ్లలు లేపుతూ వెనక్కి నడిస్తే, ఎదురుగా ఆడవాళ్లు విత్తనం పెట్టేవారు. ఇరుకైన మెట్టు మీద ఇంతకన్నా అనువైన పనిముట్టు దొరకదు. ఆండీస్ కొండల రైతులు ఇప్పటికీ వాడుతున్నారు.

అపోహ: కుస్కో దగ్గరి మోరేలోని గుండ్రటి మెట్లు వ్యవసాయ ప్రయోగశాల అని తేలిపోయింది.

వాస్తవం: తేలలేదు. పై మెట్లకూ కింది మెట్లకూ ఉష్ణోగ్రత తేడా ఉన్నమాట నిజం. మిగతాది ఊహే.

అపోహ: మంచు పడితే అంతా నష్టమే.

వాస్తవం: చేలో పంటకు నష్టమే. కానీ తవ్విన బంగాళాదుంపలను కావాలనే రాత్రి మంచులో గడ్డకట్టించి, తొక్కి నీరు పిండి, ఎండబెట్టేవారు. ఈ ‘చున్యో’ ఏళ్ల తరబడి నిలవుంటుంది. కరువు కాలంలో గోదాముల నుంచి తీసి జనానికి పంచింది ఇలాంటి సరుకే.