అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలేనా? మా పోర్టికోలో వినపడే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

మా ఇంటి పోర్టికో కారు కోసం కట్టిందే. కారు మాత్రం పదకొండేళ్లుగా వీధిలో ఉంటోంది. లోపల ఒక బల్ల, దానికి బిగించిన నాలుగంగుళాల వైస్, గోడకి కొట్టిన ప్లైవుడ్ మీద వరసగా పానాలు, ఒక బెంచ్ డ్రిల్లు, ఒక గ్రైండరు. అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీ టూల్ రూములో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక నాకు మిగిలిన రాజ్యం ఇదే.

మాది చెన్నైలో కొళత్తూరు. సాయంత్రం అయిదయ్యేసరికి పక్కింటి బావగారు కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంటారు. వాళ్లది కావలి, మాది నెల్లూరు, వరస మేమే కలిపేసుకున్నాం. ఎదురింటి మాస్టారు వస్తారు. పైవాటాలో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు కొత్తగా డ్రిల్లు కొన్నాడు, వాడూ వస్తాడు. నలుగురం చేరితే పని తక్కువ, మాటలు ఎక్కువ.

ఆ మాటల్లో కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇవి పూర్తి అబద్ధాలైతే ఎప్పుడో చచ్చిపోయేవి. మొదటిరోజు పనిచేస్తాయి, చిక్కంతా అక్కడే. ఆరు నెలల తర్వాత ఏదో పాడైతే, దానికి మూలం ఆ మొదటిరోజు పనే అని ఎవరికీ తట్టదు.

అపోహ: అయస్కాంతం అంటకపోతే అది అసలైన స్టెయిన్‌లెస్ స్టీలు.

మాస్టారి గేటుకి పైపులు వేసిన వెల్డరు జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి పైపుకి ఆనించాడు. జారి కింద పడింది. "304 సార్, చూశారుగా" అన్నాడు. మాస్టారు డబ్బులిచ్చేశారు. ఒక్క వానాకాలం గడిచేసరికి వెల్డింగు పెట్టిన ప్రతి చోటా టీ మరకల్లాంటి గోధుమరంగు మచ్చలు.

304 అనే స్టెయిన్‌లెస్ స్టీలు గ్రేడులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదైంది. 202 రకంలో దాన్ని తగ్గించి, ఆ లోటు మాంగనీసుతో పూడుస్తారు. తుప్పుకి తట్టుకునే శక్తి తగ్గుతుంది గానీ అయస్కాంతం దానికీ అంటదు. అంటే ఆ పరీక్షలో రెండూ పాసే. ఇంకో తమాషా ఏంటంటే, నిఖార్సయిన 304ని బాగా వంచినా సాగదీసినా ఆ వంపు దగ్గర అయస్కాంతం కొద్దిగా అంటుతుంది. ఈ పరీక్షనే నమ్ముకుంటే మంచి సరుకు వెనక్కి పంపి నాసిరకం లోపలికి తెచ్చుకున్నా తెచ్చుకుంటాం.

మరి ఎలా తెలుసుకోవాలి? పాత ఇనుము కొనేవాళ్ల దగ్గర ఒక టెస్టింగ్ ద్రవం ఉంటుంది. ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే, మాంగనీసు ఎక్కువున్న 202 మీద చుక్క ఎర్రబడుతుంది. అదీ కుదరకపోతే బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. రాయమనగానే ధర మారితే విషయం మీకే తెలిసిపోతుంది. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రం పక్క ఇళ్లకు 304 కూడా చాలదు. ఉప్పుగాలికి తట్టుకోవడానికి మాలిబ్డినం కలిపిన 316 కావాలి. ఏ గ్రేడైనా సరే, ఇనప పీచుతో మాత్రం తోమకండి. ఆ పీచు తునకలు అంటుకుని, ముందు అవే తుప్పు పడతాయి.

అపోహ: బోల్టు ఎంత బిగిస్తే అంత గట్టి.

ఇది బావగారి స్కూటరు కథ. బయట ఎక్కడో ఇంజనాయిలు మార్పించారు. అక్కడి కుర్రాడు డ్రెయిన్ బోల్టుకి పానా వేసి, పానాకి పైపు తొడిగి, కాలితో తొక్కాడట. "ఒక్క చుక్క కారదు" అన్నాడట. నిజమే, కారలేదు. మళ్లీ ఆయిలు మార్చాల్సి వచ్చినప్పుడు బండిని నా దగ్గరికి తోసుకొచ్చారు. బోల్టు విప్పుతుంటే లోపల ఇసుక ఉన్నట్టు గరగరమంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. బయటికొచ్చిన బోల్టు చుట్టూ వెండిరంగు తీగ ఒకటి సన్నటి స్ప్రింగులా చుట్టుకుని ఉంది.

"అదేంటి బావా, వాషరా?" అన్నారు.

వాషరు కాదు. ఇంజను అడుగున అల్యూమినియంలో ఉండాల్సిన థ్రెడ్డు మొత్తం ఊడి బోల్టుతో పాటు వచ్చేసింది. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త థ్రెడ్డు కోసి, హెలికాయిల్ అనే స్టీలు చుట్ట ఎక్కించాను. ఒక పూట పట్టింది. రజను లోపలికి పోకుండా, థ్రెడ్డు కోసే ట్యాపుకి గ్రీజు పూసుకుంటూ, పావు చుట్టు తిప్పడం, బయటికి తీసి తుడవడం. బావగారు ఆ పూటంతా టార్చి పట్టుకుని నిలబడ్డారు, పాపం.

బోల్టు కూడా ఒక స్ప్రింగే. బిగించేటప్పుడు వెంట్రుకవాసి సాగుతుంది. సాగింది మళ్లీ ముడుచుకోవాలని లాగుతుంటుంది చూడండి, ఆ లాగుడే రెండు ముక్కల్నీ కలిపి పట్టుకునేది. హద్దు దాటి సాగితే ఇక వెనక్కి రాదు. బోల్టు మెత్తదైతే అది తెగుతుంది, ఎదటి థ్రెడ్డు మెత్తదైతే అది ఊడుతుంది. మామూలు 6 మిల్లీమీటర్ల స్టీలు బోల్టుకి సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే 15 సెంటీమీటర్ల పానా చివర ఏడు కిలోల బియ్యం సంచి వేలాడదీసినంత. అంతే! చిన్న నట్టు పానా పొట్టిగా, పెద్ద నట్టు పానా పొడుగ్గా ఉండేది కూడా అందుకే. మన చేతి బలానికి తగ్గ కొలత అందులోనే ఉంది. పైపు తొడిగామంటే ఆ కొలత పోయినట్టే.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, బోల్టును సాగదీసేది పదోవంతు. థ్రెడ్డుకి నూనె పూస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది. కాబట్టి మాన్యువల్లో పొడిగా ఉన్న బోల్టుకి ఇచ్చిన టార్కు (తిప్పుడు బలం), నూనె పూసిన బోల్టుకి ఎక్కువైపోతుంది. ఆ బలాన్ని కొలిచి బిగించే టార్కు రెంచి ఉన్నవాళ్లు కూడా ఇక్కడ దెబ్బతింటారు.

అపోహ: తుప్పు వదిలించే స్ప్రే ఉంటే గ్రీజు, చైను ఆయిలు ఏవీ అక్కర్లేదు.

అలాంటి స్ప్రేల్లో అందరికీ తెలిసిన డబ్ల్యూడీ-40 పేరులోనే జవాబుంది. డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నీటిని పక్కకి నెట్టడం. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో నీటిని పక్కకి నెట్టే ద్రవం కోసం ప్రయత్నాలు చేస్తే నలభయ్యోది కుదిరిందట, పేరు అలా వచ్చింది. అట్లాస్ క్షిపణి పైతొడుగుకి తుప్పు పట్టకుండా వాడారు. బిగుసుకుపోయిన నట్టు వదలడానికి, తడిసిన స్పార్క్ ప్లగ్గు వైరు ఆరడానికి నేనూ వాడతాను. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం. చైను మీద కొడితే లోపలున్న పాత గ్రీజుని కడిగేసి తను ఆవిరైపోతుంది. ఆ రోజుకి చైను చప్పుడు లేకుండా తిరుగుతుంది. రెండు వారాలకి కిచకిచ మొదలు. మళ్లీ కొడతాం, మళ్లీ కడుగుతుంది. బైకు చైనుకి ఎస్ఏఈ 90 గేర్ ఆయిలు లోపలి అంచున చుక్కలు చుక్కలుగా వేసి, చక్రం తిప్పి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేస్తే సరిపోతుంది. తుడవకపోతే దుమ్ము అంటుకుని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది.

అపోహ: వేడెక్కిన డ్రిల్లు బిట్టును నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది.

ఈ మాట మాస్టారిది, ఆయనకి వాళ్ల ఊరి కమ్మరి కొలిమి నుంచి వచ్చింది. కమ్మరి చేసేది తప్పు కాదు. కొడవలికి వాడే కార్బన్ స్టీలుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే నిజంగానే గట్టిపడుతుంది. మన చేతిలో ఉన్న హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్టు వేరే జాతి. ఫ్యాక్టరీలో దాన్ని సుమారు 1,200 డిగ్రీల దగ్గర కాల్చి గట్టిపరిచారు. 600 డిగ్రీల దాకా ఆ గట్టిదనం పోదు. గ్రైండరు మీద సానపట్టేటప్పుడు వేడెక్కిందని టక్కున నీళ్లలో ముంచితే కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. ఆ తర్వాత కోసేటప్పుడు అంచు చిట్లుతుంది. గాలికి చల్లారనివ్వండి. లేదంటే చెయ్యి చురుక్కుమనక ముందే, తరచుగా ముంచుతూ సానపట్టండి.

అసలు బిట్టు అంత వేడెక్కడానికి కారణం స్పీడు. ఇనుముకి 10 మిల్లీమీటర్ల బిట్టుతో నిమిషానికి 800 నుంచి 950 చుట్లు చాలు. 3 మిల్లీమీటర్లదైతే మూడు వేలు. పెద్ద బిట్టు నెమ్మదిగా, చిన్న బిట్టు వేగంగా. జనం సరిగ్గా తలకిందులు చేస్తారు. రజను ఉంగరాలు తిరిగిన పొడుగు తీగలా వస్తుంటే స్పీడూ ఒత్తిడీ కుదిరినట్టే. పొడిలా రాలుతూ పొగ వస్తే బిట్టు కొయ్యట్లేదు, రాస్తోందన్నమాట.

పైవాటా కుర్రాడు ఆ రోజు బీరువా తలుపుకి గోడ బిట్టు వేసి, డ్రిల్లుని హ్యామర్ మోడ్‌లో పెట్టి పది నిమిషాలు పోరాడాడు. వీధి చివరి దాకా వినపడింది. దాని గురించి ఇంతకంటే రాయను, చదువుతాడు.

అపోహ: డ్రిల్లు వోల్టు ఎక్కువైతే బలం ఎక్కువ.

18 వోల్టులన్నా, 20 వోల్ట్ మ్యాక్స్ అన్నా లోపల అవే ఐదు లిథియం సెల్సు. నిండుగా ఉన్నప్పుడు ఒక్కోటి 4 వోల్టుల పైన, వాడుకలో 3.6. ఎప్పుడు కొలిచారన్నదే తేడా. చవక సెట్ల మీద 48, 88 అని రాసి పక్కన ఏదో అక్షరం తగిలిస్తారు. అలాంటిది ఒకటి రిపేరుకి వస్తే విప్పాను, లోపల ఐదే.

అపోహ: మిషను దగ్గర గ్లోవ్స్ వేసుకుంటే క్షేమం. యాంగిల్ గ్రైండరు గార్డు తీసేస్తే పని బాగా కనపడుతుంది.

రెండూ ఒకే కుటుంబం. బెంచ్ డ్రిల్లు, లేతు, బెంచ్ గ్రైండరు దగ్గర గ్లోవ్స్ వద్దు. చర్మం తగిలితే గీసుకుంటుంది. గ్లోవ్ చిక్కుకుంటే వేలిని, వేలు చేతిని లోపలికి లాక్కుపోతాయి. మణికట్టుకి కట్టిన కాశీదారం, వదులు చొక్కా చేతులు, ఉంగరం, అన్నీ అదే లెక్క. మా టూల్ రూములో పెళ్లి ఉంగరం కూడా తీసి లాకర్లో పెట్టాకే మిషను ముట్టుకోనిచ్చేవాళ్లు.

ఇక గార్డు. నాలుగంగుళాల గ్రైండరు పెట్టె మీద 11,000 ఆర్‌పీఎం అని ఉంటుంది. లెక్క వేస్తే డిస్కు అంచు గంటకి 207 కిలోమీటర్ల వేగంతో పోతోంది. మాకు దగ్గర్లోనే ఉన్న రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో తయారైన వందే భారత్ రైలు 2018 ట్రయల్స్‌లో అందుకున్నది 180. డిస్కు పగిలితే ముక్కలు ఆ వేగంతోనే వస్తాయి, వాటికీ మన మొహానికీ మధ్య ఉండేది ఆ రేకు ఒక్కటే. మధ్యలో ఉండే లోహపు రింగు మీద గడువు తేదీ ముద్ర ఉంటే చూసుకోండి. డిస్కులో జిగురుకి వయసైపోతుంది, తేమ తగిలితే ఇంకా తొందరగా. చెక్క కోసే పళ్ల బ్లేడు గ్రైండరుకి తగిలించేవాళ్లతో నేను వాదించను. బల్ల దగ్గరికి రానివ్వను, అంతే.

అపోహ: ఎంసీబీ ఉంది కాబట్టి షాక్ భయం లేదు.

ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే తనంతట తానే ఆఫ్ అయ్యే స్విచ్చు. అది కాపాడేది వైరుని. 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. 60 వాట్ల పాత బల్బు తీసుకునేది 0.26 ఆంపియరు. అందులో ఆరో వంతు గుండె మీదుగా పోయినా ప్రాణం మీదికి వస్తుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు పోల్చి చూసి, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కట్ చేస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి మా పోర్టికోలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నేను గేటు తీసేలోపే ఆర్‌సీసీబీ తనంతట తానే ఆఫ్ అయి ఉంది. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కాలి. నేను ఒకటో తారీఖున నొక్కుతాను, ఇంట్లో సీరియల్ టైము తప్పించి.

ఆ నీళ్లలో నానిన పానాలకి తుప్పు పట్టింది. ఆ తుప్పు మీదే రంగు వేసేస్తే ఆగిపోతుందన్నారు అందరూ. ఆగదు. రంగు కింద పొట్టులా ఉబ్బి పెచ్చులుగా లేస్తుంది. ఒక రాత్రి తెల్ల వెనిగర్‌లో నానేసి, పొద్దున్నే వైరు బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లలో కడిగి, ఎండలో ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిచాను. రెండు పానాలు తప్ప అన్నీ దక్కాయి.

చివరిది బావగారి సొంత సిద్ధాంతం. రిపేరు అయ్యాక ఒక స్క్రూ మిగిలితే కంపెనీవాళ్లు ఎక్కువ పెట్టారని అర్థం. వాళ్ల మిక్సీ తనే విప్పి, తనే బిగించి, మిగిలిన చిన్న స్ప్రింగు ఒకటి నాకు చూపించారు. మిక్సీ తిరుగుతోందట, కాకపోతే జారు మీద చెయ్యి పెట్టి నొక్కిపట్టుకోవాలట. విప్పేటప్పుడు ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ, స్క్రూలు విప్పిన వరసలో కోడిగుడ్ల ట్రేలో వేసుకోండి, తిరిగి బిగించేటప్పుడు ఆ ట్రేని వెనక నుంచి ఖాళీ చేసుకుంటూ రండి అని చెప్పాను. ఆదివారం మిక్సీ తెస్తానన్నారు. నాలుగు నెలలైంది. స్ప్రింగు నా బల్ల మీద అగ్గిపెట్టెలో ఉంది.