కౌమారులకు పళ్ల గురించి ఏం తెలుసో ఎలా తెలుసుకోవాలి: అపోహలు - వాస్తవాలు

12, 13 ఏళ్లకల్లా జ్ఞానదంతాలు తప్ప శాశ్వత దంతాలు సాధారణంగా అన్నీ వచ్చేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నోటి ఆరోగ్య సర్వేలకు సూచించిన వయసుల్లో 12, 15 ఏళ్లు ఉన్నాయి. ఈ వయసు పిల్లల అవగాహనను అంచనా వేసే దంతవైద్యురాలిగా, మా వృత్తిలోనే పాతుకుపోయిన కొన్ని అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: ప్రశ్నావళిలో మంచి మార్కులు వస్తే అవగాహన ఉన్నట్టే.

వాస్తవం: మార్కులు చాలాసార్లు జ్ఞాపకశక్తినే చూపిస్తాయి. చిగుళ్ల నుంచి రక్తం కారడం దేనికి గుర్తు అన్న ప్రశ్నకు ఒక పదిహేనేళ్ల అమ్మాయి 'చిగుళ్ల వాపు' అని సరిగ్గానే గుర్తు పెట్టింది. తర్వాత చేతికి బ్రష్ ఇచ్చి తోమి చూపించమంటే, కింది ముందుపళ్ల లోపలి వైపు చిగురు అంచు దాకా వచ్చి బ్రష్‌ను పైకి ఎత్తేసింది. ఎందుకమ్మా అని అడిగాను. "అక్కడ రక్తం వస్తుంది డాక్టర్ గారూ, పుండవుతుందేమోనని వదిలేస్తాను" అంది. రక్తం రావడానికి ముఖ్య కారణం అక్కడ పేరుకున్న పాచేననీ, మెత్తని బ్రష్‌తో రోజూ ఆ అంచును శుభ్రం చేస్తే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుందనీ ఆమెకు తెలియదు. ఆ సంగతి మా ప్రశ్నావళి పట్టుకోలేకపోయింది. అప్పటి నుంచి ముఖ్యమైన ప్రతి ప్రశ్న పక్కన 'ఎందుకు?' అని చేరుస్తున్నాను, వీలైన చోటల్లా బ్రష్ కూడా చేతికిస్తున్నాను.

అపోహ: పిల్లలకు 'అవును, కాదు' ప్రశ్నలు చాలు.

వాస్తవం: గుడ్డిగా గుర్తు పెట్టినా వాటిలో సగం ఒప్పయ్యే అవకాశం ఉంది. పైగా తీపి వల్ల పళ్లు పుచ్చుతాయా అంటే కాదనే పిల్లలు అరుదు. దానికి బదులు, ఒకే సీసాడు తీపి పానీయాన్ని భోజనంతోపాటు తాగేసినవారికి ఎక్కువ హానా, మధ్యాహ్నమంతా గుక్క గుక్కగా తాగినవారికా అని అడగండి. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారు చేస్తాయి; పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత; ఇది తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరిగినట్టు) సుమారు 5.5 కంటే తగ్గితే పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ నుంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది; లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంటో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఎన్నిసార్లు అన్నదే అసలు సంగతి అని సొంత మాటల్లో చెప్పగలిగిన పిల్లలకే విషయం అర్థమైనట్టు.

అపోహ: తెలిస్తే చేస్తారు.

వాస్తవం: తెలిసినా చేయనివారు ఎందరో ఉంటారు. అందుకే అవగాహన, వైఖరి, ఆచరణ అనే మూడింటినీ విడివిడిగా కొలవాలి.

అపోహ: పిల్లలు తమ అలవాట్ల గురించి చెప్పింది ఉన్నదున్నట్టు నమోదు చేసుకోవచ్చు.

వాస్తవం: కాగితం మీద పేరు రాయించి, పక్కన ఉపాధ్యాయులు నిలబడి ఉంటే, పిల్లలు పెద్దలకు నచ్చే జవాబే రాస్తారు. అది వారి తప్పు కాదు. పేర్లు లేకుండా రాయించి, 'రోజూ రెండుసార్లు తోముకుంటావా?' అనడానికి బదులు 'నిన్న రాత్రి పడుకునే ముందు ఏమేం చేశావు?' అని అడిగితే నిజానికి దగ్గరగా చెబుతారు. పాచిని రంగులో చూపించే మాత్ర కూడా ఉపయోగమే, కానీ పరీక్ష ఉందని ఆ పూట శ్రద్ధగా తోముకుని వచ్చేవారి విషయంలో అది మనల్ని పొరపాటు పడేలా చేస్తుంది. చిగుళ్లు మాత్రం ఒక్క పూటలో కుదుటపడవు కాబట్టి, రక్తస్రావాన్ని కూడా నమోదు చేస్తే గడిచిన కొన్ని రోజుల అలవాటు బయటపడుతుంది.