‘పుట్ ఆఫ్’ అంటే రద్దు కాదు: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు, వెతుక్కుంటున్నవాళ్లకు ఇంగ్లిష్ నేర్పడం నా పని. ఫ్రేజల్ వర్బ్స్ (క్రియకి ‘ఆఫ్’ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చేవి) పాఠంలో ‘పుట్ ఆఫ్’ దగ్గరికొచ్చేసరికి ఈ అపోహలు తప్పకుండా వినిపిస్తాయి.

అపోహ: పుట్ ఆఫ్ అన్నా, కాల్ ఆఫ్ అన్నా ఒకటే.

వాస్తవం: పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడం. కరోనా వల్ల 2020 టోక్యో ఒలింపిక్స్ పుట్ ఆఫ్ అయ్యాయి, 2021 జూలైలో మొదలయ్యాయి. అదే 2020లో వింబుల్డన్ కాల్ ఆఫ్ అయింది, ఆ ఏడాదికి ఛాంపియనే లేరు. ఈ రెండూ గుర్తుంటే చాలు. మా విద్యార్థిని ఒకామెకి ‘ద డెమో హాజ్ బీన్ పుట్ ఆఫ్ టిల్ థర్స్‌డే’ అని క్లయింట్ నుంచి మెయిల్ వచ్చింది. ‘ఆఫ్’ చూడగానే డెమో లేదనుకుని టీమ్‌కి చెప్పేసింది. గురువారం క్లయింట్ లైన్లోకి వచ్చి కూర్చున్నాడు, ఇటు ఎవరూ లేరు. పుట్ ఆఫ్ కనిపిస్తే వెనకాల ‘టిల్’ ఉందేమో చూడండి, కొత్త తేదీ అక్కడే ఉంటుంది.

అపోహ: పుట్, ఆఫ్ విడివిడిగా తెలిస్తే అర్థం అదే తెలుస్తుంది.

వాస్తవం: తెలియదు. మన ‘చేయి చేసుకున్నాడు’ చూడండి, చేయి తెలిసి, చేసుకోవడం తెలిసినా కొట్టాడన్న అర్థం తట్టదు కదా! ఇవీ అంతే, వాక్యంతో సహా నేర్చుకోవాలి. జాబితాలు బట్టీ పట్టించే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు.

అపోహ: ‘పుట్ ఆఫ్ ఇట్’ అనొచ్చు.

వాస్తవం: అనకూడదు. ఇట్, దెమ్ లాంటివి మధ్యలోనే రావాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘ద మీటింగ్’ లాంటి నామవాచకమైతే మధ్యలోనైనా, చివరనైనా సరే. తర్వాత క్రియ వస్తే ఐఎన్‌జీ చేర్చాలి: ‘హి పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్’. భూతకాలంలోనూ ‘పుట్’ మారదు.

అపోహ: వాయిదా తప్ప దీనికి వేరే అర్థం లేదు.

వాస్తవం: ఉంది, మెయిళ్లలో కన్నా మాటల్లో ఎక్కువ వినిపిస్తుంది. ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అంటే ఆ వాసనకి నాకు తినబుద్ధి కాలేదని. ‘హిజ్ రూడ్‌నెస్ పుట్ హర్ ఆఫ్’ అంటే అతని దురుసుతనానికి ఆమె మనసు విరిగిందని. ఉద్యోగ ప్రకటనలో ‘డోంట్ బి పుట్ ఆఫ్ బై ద లాంగ్ ఫామ్’ అని ఉంటే, ఫారం పొడవు చూసి వెనకాడొద్దని చెబుతున్నారు. నింపి పంపేయండి.