థర్మల్ అంటే బొగ్గే కదా సార్?

మిర్యాలగూడలో మా స్కూలు విజ్ఞాన ప్రదర్శనకు ముందు రోజు సాయంత్రం. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక చార్టు రాసి గోడకు అంటించారు. పైన పెద్ద అక్షరాలతో ‘సోలార్ థర్మల్ పవర్ ప్లాంట్’ అని ఉంది. బిడ్డను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన ఒక తండ్రి ఆ చార్టు ముందు ఆగిపోయారు. కాసేపు చూసి, "సోలార్ అని రాసిన్రు, మళ్లా థర్మల్ అని రాసిన్రు. థర్మల్ అంటే బొగ్గే కదా సార్?" అని అడిగారు.

ఆయన అడగడంలో తప్పేమీ లేదు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం మాకు దగ్గరే. ఇక్కడ థర్మల్ అనగానే కళ్ల ముందు మెదిలేవి బొగ్గు వ్యాగన్లు, చిమ్నీ, బూడిద. పేపర్లు కూడా థర్మల్, హైడల్, సోలార్ అని వేటికవే వేర్వేరన్నట్టు రాస్తాయి. నిజానికి థర్మల్ అంటే వేడికి సంబంధించినది, అంతే. ఆ వేడి బొగ్గుతో వచ్చిందా, యురేనియంతో వచ్చిందా, ఎండతో వచ్చిందా అన్నది ఆ మాటలో లేదు. వాడుకలో మాత్రం థర్మల్ బొగ్గుకు రాసిచ్చిన మాట అయిపోయింది.

పోనీ తెలుగులో ‘సౌర ఉష్ణ విద్యుత్తు’ అందామా? ఫిజిక్స్ చదివినవాళ్లకు అక్కడ ఇంకో చిక్కు. ఉష్ణవిద్యుత్తు అంటే పాఠ్యపుస్తకంలో వేరే సంగతి. రెండు రకాల లోహపు తీగల కొసలు కలిపి, ఒక అతుకును వేడిచేసి రెండోదాన్ని చల్లగా ఉంచితే తీగలో నేరుగా కరెంటు పారుతుంది. 1821లో సీబెక్ గమనించిన విషయం అది. అందులో ఆవిరీ లేదు, ఆ ఆవిరి తోపుకు తిరిగి జనరేటర్‌ను తిప్పే టర్బైనూ లేదు. మన చార్టులోని ప్లాంటుకు ఆ రెండే ప్రాణం.

ఆ తండ్రి రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తారని మాటల్లో తెలిసింది. ఇక నాకు చెప్పడం తేలికైంది. మిల్లులో ఊక కాలుస్తారు, నీళ్లు ఆవిరవుతాయి, ఆ ఆవిరితో వడ్లు ఉడికిస్తారు. "ఊక బదులు ఎండ పెట్టండి, వడ్ల బదులు టర్బైన్ పెట్టండి" అన్నాను. "ఎండకు నీళ్లు మసులుతయా?" అన్నారు. బొచ్చెలో పెడితే మసలవు, వందల అద్దాలతో ఎండనంతా ఒక్కచోటికి తెస్తే మసులుతాయని చెప్పాను. "అంటే ఎండ బాయిలర్ అనున్రి మరి" అన్నారాయన. నేను ఇన్నేళ్లుగా పాఠంలో వాడిన మాటలన్నిటికంటే ఇది సరైన మాట. బాయిలర్ అనగానే ఆవిరి గుర్తొస్తుంది, ఎండ అనగానే ఇంధనం ఏమిటో తెలిసిపోతుంది. తిరుమలలో 2002లో ఇలాగే డిష్ అద్దాలతో ఆవిరి పుట్టించి భక్తులకు వంట చేసే ఏర్పాటు పెట్టారని చెబితే ఆయన మరింత ఆసక్తిగా విన్నారు.

ఎండ అన్న మాటను ఇంకాస్త పట్టి చూడాలి. పాలమూరు వైపు పొలాల మధ్య వరుసలుగా కనిపించే నల్లటి సోలార్ పలకలకు కావలసింది వెలుగు. వెలుగు తగలగానే సిలికాన్‌లోని ఎలక్ట్రాన్లు కదిలి కరెంటు పుడుతుంది. మబ్బు పట్టిన రోజు ఆకాశమంతా చెదిరి వచ్చే వెలుతురు కూడా వాటికి కొంత పనికొస్తుంది. ఎండ బాయిలర్‌కు ఆ వెలుతురు పనికిరాదు. నలుదిక్కుల నుంచి వచ్చే వెలుతురును ఏ అద్దమూ ఒక్కచోటికి చేర్చలేదు. సూర్యుడి నుంచి సూటిగా వచ్చే కిరణాలే కావాలి. ఇంగ్లిష్‌లో దీనికి మూడు మాటలు కలిపిన పొడవాటి పేరు పెట్టుకున్నారు. మనం మాత్రం "మబ్బు పట్టింది, ఎండ లేదు" అంటాం. పగలే, వెలుగుంది, అయినా ఎండ లేదంటాం. నీడ పడితేనే మనకది ఎండ. శాస్త్రవేత్త పరికరం పెట్టి కొలిచేది దాన్నే.

ఎండను వేడితో కలిపేస్తే మళ్లీ తప్పులో పడతాం. "నల్లగొండలో 45 డిగ్రీలు కొడుతుంది, సోలార్‌కు ఇంతకంటే మంచి చోటేది?" అని చాలామంది అంటారు. పలక మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన పలక ఒక్కో డిగ్రీ వేడెక్కిన కొద్దీ ఇచ్చే కరెంటు సుమారు 0.3 నుంచి 0.5 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే 12 నుంచి 20 శాతం దాకా పోయినట్టే. వడగాలి వల్ల పలకకు నష్టమే. ఎండ బాయిలర్‌కైనా గాలి వేడితో ఒరిగేది పెద్దగా లేదు. గాలిలో దుమ్ము, పొగమంచు లేకుండా ఎండ తేటగా ఉండటమే దానికి ముఖ్యం.

ఇక అద్దం. తెలుగులో కిటికీకి పెట్టేదీ అద్దమే, ముఖం చూసుకునేదీ అద్దమే. సోలార్ పలకలను కూడా ఊళ్లలో కొందరు అద్దాలే అంటారు. అందుకే ‘అద్దాల ప్లాంటు’ అని రాస్తే ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు. పిల్లలతో ‘ముఖం చూసుకునే అద్దాలు’ అనే రాయించాను, పొడుగైనా ఫరవాలేదని. ఆ అద్దాలను అమర్చే తీరులో ఎక్కువగా కట్టినవి రెండు. నిలువునా చీల్చిన పైపులా వంచిన పొడవాటి అద్దాలు, వాటి నడుమ నూనె పారే గొట్టం ఒకటి. ఆ నూనె 390 డిగ్రీల దాకా కాగుతుంది. 2014లో అనంతపురం జిల్లాలో మొదలైన 50 మెగావాట్ల ప్లాంటు ఈ రకమే. రెండోది, నేల మీద వేల అద్దాలు, నడుమ ఎత్తైన స్తంభం, దాని కొనన బాయిలర్. దీన్ని టవర్ అంటే మా పిల్లలకు సెల్ టవరే గుర్తొచ్చింది, స్తంభం అంటే సరిపోయింది.

కదిలే అద్దాలకు ఒక పాప ‘పొద్దుతిరుగుడు అద్దాలు’ అని పేరు పెట్టింది. నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. వంపు అద్దాలకు ఆ పేరు అతికినట్టు సరిపోతుంది, అవి పొద్దస్తమానం సూర్యుడి వైపే తిరుగుతుంటాయి. స్తంభం చుట్టూ ఉండే అద్దాలు మాత్రం అలా కాదు. చేతి అద్దం ఒకటి ఇచ్చి, స్కూలు గోడ మీద ఎండపొడ వేయమన్నాను. ఆ పొడను గోడ మీది ఒక గుర్తు దగ్గరే నిలపమన్నాను. చెయ్యి కాస్త కదిలిందా, పొడ గోడమీద ఇంత దూరం జారిపోయింది. అద్దం ఎంత కోణం తిరిగితే వెనక్కి పోయే కిరణం దానికి రెట్టింపు తిరుగుతుంది. పావుగంట తర్వాత ఆ పాపే గమనించింది: పొడ గుర్తు మీద ఉన్నప్పుడు అద్దం ముఖం సూర్యుడి వైపూ లేదు, గోడ వైపూ లేదు, సరిగ్గా రెంటికీ నడుమ ఉంది. పేరును అలాగే ఉంచి, కింద ఆ సంగతి కూడా రాసింది.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఉప్పు. కొత్త ప్లాంట్లలో వేడిని దాచేది ‘కరిగిన ఉప్పు’ అని నేనే చార్టు కోసం చెప్పాను. పిల్లలు బొమ్మలో ఉప్పునీళ్ల డ్రమ్ము గీశారు. గీయరా మరి! మనకు చారులో ఉప్పు వేసినా కరుగుతుంది, పెనం మీద వెన్న పెట్టినా కరుగుతుంది. నీటిలో కలిసిపోవడానికీ, నిప్పుకు ద్రవంగా మారడానికీ ఒకే మాట. ఇక్కడ నీళ్ల చుక్క కూడా లేదు. పైగా అది కూరలో వేసే ఉప్పు కూడా కాదు, కూర ఉప్పు ద్రవం కావాలంటే 801 డిగ్రీలు కావాలి. ఇది బరువులో 60 శాతం సోడియం నైట్రేట్, 40 శాతం పొటాషియం నైట్రేట్. రెండోది సురేకారం. బత్తాయి రైతులు 13-0-45 ఎరువు అని తెచ్చి పిచికారీ చేసేది కూడా అదే. చివరికి ‘కాగి కరిగిన లవణం’ అని మార్చాం. నూనె కాగిందంటే వేడి ఎవరికైనా తెలుస్తుంది.

ఈ లవణాన్ని 290 డిగ్రీల దగ్గర ఒక ట్యాంకులోంచి స్తంభం పైకి తోడి, 565 డిగ్రీలకు కాచి రెండో ట్యాంకులో నింపుతారు. పొద్దు గుంకాక ఆ వేడితో ఆవిరి పుట్టిస్తారు. ఇది కరెంటు నిల్వ కాదు, వేడి నిల్వ. నాగార్జునసాగర్‌లో నీళ్లు ఆపుకొని కావలసినప్పుడు వదిలినట్టే. అందుకే మెగావాట్లు మాత్రమే చూసి ప్లాంటు చిన్నదనో పెద్దదనో అనకూడదు. స్పెయిన్‌లోని హెమాసోలార్ 20 మెగావాట్లు కూడా కాదు, కానీ ఎండ లేకున్నా 15 గంటలు నడిచేంత వేడిని దాచుకోగలదు. 2011లో రాత్రీ పగలూ ఆగకుండా 24 గంటలు నడిచింది.

ఇదంతా విన్నాక ఆ తండ్రి చార్టు మీద పైపు గీతను వేలితో తడుముతూ, "ఆ ఉప్పు పైపుల గడ్డగడితే ఎట్ల సార్?" అన్నారు. రోజూ బాయిలర్ ఆపి, మళ్లీ వెలిగించే మనిషికి మొదట తోచే ప్రశ్న అదే. 240 డిగ్రీల కిందికి దిగితే లవణం గడ్డకట్టడం మొదలవుతుంది, 220 దగ్గరికి వచ్చేసరికి రాయిలా అయిపోతుంది. అందుకే సాయంత్రం స్తంభం మీది గొట్టాల్లో ఉన్నదంతా ట్యాంకులోకి దించేస్తారు, మిగతా పైపులకు వేడి తీగలు చుట్టి ఉంచుతారు. పిల్లలకు ఆ సంగతి నేను చెప్పనే లేదు. ఆయన బిడ్డ ఎర్ర స్కెచ్ పెన్ను తీసుకొని బొమ్మ కింద మిగిలిన జాగాలో రాసింది: ‘పొద్దు గుంకగానే గొట్టాలు ఖాళీ చేయాలి.’