నాలుగింటికే లేవాలా? పొద్దుటి అలవాట్ల మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో జనరల్ ఫిజీషియన్‌గా ప్రాక్టీస్ చేస్తున్నాను. భద్రకాళి బండ్ మీద, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో తెల్లారేసరికి నడిచేవాళ్లను చూస్తే నాకు నిజంగా సంతోషం. కానీ ఫోన్‌లో చూసిన వీడియోలను బట్టి పొద్దుటి పద్ధతులు మార్చుకుని, ఆరోగ్యం పాడుచేసుకుని వచ్చేవాళ్లనూ చూస్తున్నాను. క్లినిక్‌లో తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: బ్రహ్మ ముహూర్తంలో, అంటే నాలుగింటికి లేస్తేనే ఆరోగ్యం.

"సారూ, నాలుగింటికే లేస్తున్న. అయినా పగలంతా కండ్లు మూతలు పడుతున్నయి" అంటారు. ఎన్నింటికి పడుకుంటున్నారని అడిగితే పదకొండు, పదకొండున్నర. అంటే నిద్ర అయిదు గంటలు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. అది తగ్గితే ఆకలి పెరుగుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, బీపీ అదుపు తప్పుతుంది. షుగర్ తగ్గాలని నాలుగింటికి లేచే మనిషికి ఆ నిద్రలేమే షుగర్ పెంచుతుంది.

అసలు బ్రహ్మ ముహూర్తం నాలుగింటికే అని లేదు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. వరంగల్‌లో జనవరిలో పొద్దు పొడిచేది ఆరూ నలభై దాటాకే, కాబట్టి అప్పుడది అయిదు దాటాకే వస్తుంది. పైగా ఆ మాట పుట్టింది దీపాలు పెట్టిన కాసేపటికి ఊరంతా పడుకునే కాలంలో. రాత్రి అలాగే ఉంచుకుని పొద్దును మాత్రమే ముందుకు జరపడం కుదరదు.

మన మెదడులో ఒక గడియారం ఉంది. ఒంట్లోని కణాలు దాన్ని ఎలా నడుపుతాయో పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. ఆ గడియారాన్ని రోజూ సరిచేసేది ముఖ్యంగా పొద్దుటి వెలుగు. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. గదిలో ట్యూబ్‌లైటు ఇచ్చేది మహా అయితే కొన్ని వందల లక్స్. మబ్బు పట్టిన రోజైనా బయట వేల లక్స్ ఉంటుంది. అందుకే నేను చెప్పేది ఇంతే: ఆరింటికి లేస్తారో, ఏడింటికి లేస్తారో మీ ఇష్టం. ఆదివారమైనా గంటకు మించి తేడా రానివ్వకండి. లేవగానే ఫోన్ పక్కన పెట్టి కాసేపు వాకిట్లోకో, డాబా మీదికో వెళ్లండి.

ఇంకో మాట. ఇంట్లో అందరికంటే చివర పడుకుని, అందరికంటే ముందు లేచి నీళ్లు పట్టి, టిఫిన్ బాక్సులు కట్టే ఆడవాళ్లు నీరసమని వస్తారు. వాళ్లను ఇంకా ముందు లేచి యోగా చేయమనడం నా చేత కాదు. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించి, ఆ పనిలో సగం పంచుకోమని పక్కన కూర్చున్న భర్తకు చెబుతాను.

అపోహ: పొద్దుటి లేత ఎండలో నిలబడితే విటమిన్ డి వస్తుంది.

లేత ఎండ గడియారానికి మంచిది, విటమిన్ డికి దాదాపు పనికిరాదు. చర్మంలో విటమిన్ డి తయారవ్వాలంటే కావలసిన అతినీలలోహిత కిరణాలు పొద్దు పైకెక్కితేనే మన దాకా వస్తాయి. గుర్తు సులువు: మీ నీడ మీకంటే పొట్టిగా ఉండాలి. మన దగ్గర ఎండాకాలంలో అది తొమ్మిదింటికే అవుతుంది, డిసెంబర్‌లో పదకొండు కావస్తుంది. రామగుండం మే ఎండలో మధ్యాహ్నం మాత్రం ఎవరూ నిలబడవద్దు. లోపం ఎక్కువుంటే ఎండ చాలదు, మందులు వాడాలి.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లు పరగడుపునే నడవాలి.

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్లకు పరగడుపు నడకలో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే ఆగి గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నోట్లో వేసుకోవాలి. జేబులో అది లేకుండా బయలుదేరకండి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు డిసెంబర్ మంచులో అయిదింటికి వెళ్లవద్దు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. గుండెపోట్లు పొద్దుటి వేళల్లోనే ఎక్కువ. ఎండ వచ్చాక నడిచినా అంతే మేలు. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టయితే గ్యాస్ అనుకోకుండా ఆస్పత్రికి వెళ్లండి.

అపోహ: వేడినీళ్లలో తేనె, నిమ్మరసం కొవ్వు కరిగిస్తాయి.

కరిగించవు. షుగర్ ఉన్నవాళ్లకు తేనె కూడా చక్కెరే.

అపోహ: గోళీలన్నీ పొద్దున చాయ్‌తో వేసుకోవచ్చు.

థైరాయిడ్ గోళీ పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట దాకా చాయ్, టిఫిన్ వద్దు. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ గోళీకీ చాయ్‌కీ మధ్య గంటైనా ఎడం ఉండాలి. గోళీ డోసు పెంచమని వచ్చేవాళ్లలో చాలామందికి మారాల్సింది డోసు కాదు, చాయ్ తాగే టైమ్.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది, ఒక్కరోజు తప్పితే మొదటికొస్తుంది.

ఈ 21 అంకె 1960లో ఒక అమెరికా ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట నుంచి వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతోందని ఆయన గమనించాడు. 2010లో అచ్చయిన లండన్ అధ్యయనంలో అలవాటు కుదరడానికి ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల దాకా పట్టింది, సగటున 66. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి నెలకే మానేయకండి. ఒక్క పనే తీసుకుని, ఇప్పటికే రోజూ చేసే పనికి జతచేయండి, చాయ్ తాగాక పది నిమిషాల నడకలాగా.

అపోహ: షిఫ్ట్ డ్యూటీ వాళ్లకు ఇవేవీ కుదరవు.

భూపాలపల్లి, గోదావరిఖని గనుల్లో పనిచేసేవాళ్లు, కాజీపేట రైల్వే వాళ్లు ఇదే అంటారు. నైట్ షిఫ్ట్ చేసినవాళ్లకు పొద్దున ఇల్లు చేరాకే పడుకునే వేళ. డ్యూటీ చివరి సగంలో చాయ్ మానండి, అందులోని కెఫీన్ సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది. కిటికీలకు మందపాటి పరదాలు వేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, వచ్చిన వెంటనే పడుకోండి. వెలుగులోకి వెళ్లడం, నడక సాయంత్రం లేచాక పెట్టుకోండి. వాళ్లు పడుకున్నంతసేపు మధ్యలో లేపకుండా చూడటం ఇంట్లోవాళ్ల వంతు.