దరఖాస్తు ఫారం దగ్గరే అసలు గండం: ఉద్యోగ నియామకాలపై అపోహలు - వాస్తవాలు

"ఏటీఎస్‌ను దాటే రెజ్యూమె ఎలా రాయాలండీ?" ఈమధ్య ఈ ప్రశ్న అడగని అభ్యర్థి నాకు కనబడటం లేదు. ఏటీఎస్ అంటే, వచ్చిన దరఖాస్తులను చేర్చి చూసుకోవడానికి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్. నూటికి డెబ్బై అయిదు రెజ్యూమెలను మనిషి కంట పడకముందే సాఫ్ట్‌వేర్ చెత్తబుట్టలో వేస్తుందట. ఆధారం చూపమంటే ఎవరూ చూపలేరు. ఉద్యోగం లేక కుమిలిపోతున్నవాళ్లకు ఆ అంకె చూపించి టెంప్లేట్లు అంటగట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: కీవర్డులు (ప్రకటనలో అడిగిన ముఖ్యమైన పదాలు) సరిపోకపోతే సాఫ్ట్‌వేరే తిరస్కరిస్తుంది.

నియామకాల పనిలో నేను వాడిన ఏటీఎస్‌లన్నీ ప్రధానంగా బీరువాల్లాంటివి. దరఖాస్తులను దాచిపెడతాయి, వెతికితే తీసి ఇస్తాయి. కీవర్డులను బట్టి ముందూ వెనకా పేర్చే ఏర్పాటు కొన్నింటిలో ఉంది. అయినా ఎవరిని పిలవాలో తేల్చింది రిక్రూటరే. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పక్కన పెట్టేది ఎక్కువగా ఫారంలోని ప్రశ్నల దగ్గర. పనిచేసే అనుమతి ఉందా? లైసెన్సు ఉందా? కనీసం ఇన్నేళ్ల అనుభవం ఉందా? రాత్రి షిఫ్టుకు రాగలరా? ఆ ప్రశ్నలు పెట్టేదీ, ఏ జవాబు వస్తే పక్కన పెట్టాలో ముందే చెప్పేదీ మేమే.

జనం మాత్రం రెజ్యూమె అందం కోసం రోజులు ధారపోసి, ఫారం దగ్గరకు వచ్చేసరికి విసిగిపోయి గబగబా నొక్కుకుంటూ పోతారు. వాళ్లను తప్పు పట్టలేను. రెజ్యూమె అప్‌లోడ్ చేశాక అందులో ఉన్నదే మళ్లీ టైపు చేయించడం, సగంలో గడువు అయిపోయిందని మొదటికి తేవడం మనుషులను ఏడిపించే పని. అది మా వైపు నుంచి మారాలి.

ఒకసారి అకౌంట్స్ ఉద్యోగానికి అయిదేళ్ల అనుభవం అడిగాం. మిగిలినవాళ్లు మరీ తక్కువగా ఉన్నారేమని అనుమానం వచ్చి, పక్కన పడ్డ దరఖాస్తులు తెరిచాను. ఒకావిడ తొమ్మిదేళ్లుగా అదే పనిలో ఉన్నారు. ఫారంలో మాత్రం 'ప్రస్తుతం ఇక్కడే పనిచేస్తున్నాను' అనే గడిలో టిక్కు లేదు. ముగింపు తేదీ దగ్గర, చేరిన నెలే మళ్లీ పడింది. సాఫ్ట్‌వేర్ లెక్కలో ఆవిడ అనుభవం సున్నా. ఫోను చేస్తే, "నా వయసు చూసి ఎవరూ పిలవడం లేదేమో అనుకున్నానండీ" అన్నారు. ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది.

అందుకే చెబుతున్నాను. చేసిన ప్రతి ఉద్యోగానికీ చేరిన నెల, వదిలిన నెల, హోదా, పై అధికారి పేరు ఒక ఫైలులో రాసి ఉంచుకోండి. ప్రతి ఫారంలోకీ అక్కడి నుంచే ఎక్కించండి. రెజ్యూమె నుంచి తనంతట తాను నిండిన గడులను ఒక్కొక్కటిగా సరిచూడండి. తేదీలు తారుమారయ్యేది అక్కడే. అవును-కాదు ప్రశ్నలను రెండుసార్లు చదవండి, నిజమే చెప్పండి.

తెల్లని అక్షరాలతో కీవర్డులు దాచే చిట్కాను మాత్రం దయచేసి మానేయండి. చాలా ఏటీఎస్‌లు ఫైలులోని రంగులు తీసేసి ఉత్త అక్షరాలు చూపిస్తాయి. మీ చదువు వివరాల కింద 'నాయకత్వం, బడ్జెట్, నాయకత్వం, బడ్జెట్' అని బారుగా నల్లగా తేలుతుంది. ఆ తర్వాత మిగతాది ఎంత నిజమైనా నమ్మబుద్ధి కాదు.

సాఫ్ట్‌వేర్ అన్యాయమే చేయదని అనడం లేదు. అమెజాన్ ప్రయోగాత్మకంగా తయారుచేసుకున్న రెజ్యూమె మదింపు పరికరం పదేళ్ల పాత రెజ్యూమెల నుంచి నేర్చుకుని మహిళలకు మార్కులు తగ్గించిందని, కంపెనీ దాన్ని వదిలేసిందని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. నియామకాల్లో వాడే ఇలాంటి పరికరాలను యూరోపియన్ యూనియన్ 2024 నాటి కృత్రిమ మేధ చట్టంలో అధిక ప్రమాద వర్గంలో చేర్చింది. అక్కడ కావలసింది చట్టం. అభ్యర్థి ఫాంటు మార్చినంత మాత్రాన ఆ పక్షపాతం పోదు.

మిగతా అపోహలు

ప్రకటనలోని అర్హతలన్నీ ఉంటేనే దరఖాస్తు చేయాలా? 'తప్పనిసరి' అన్నవి ఉంటే చాలు, చేయండి. మధ్యలో ఖాళీ ఉంటే పనికిరారా? కారణం ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగండి. ఇంటర్వ్యూలు ఎక్కువైతే ఎంపిక మెరుగవుతుందా? గూగుల్ తన నియామకాలనే పరిశీలించుకుని, అభ్యర్థిని తీసుకోవాలో వద్దో నాలుగు ఇంటర్వ్యూలతో 86 శాతం నమ్మకంగా తేల్చవచ్చని చెప్పింది. ఏడో రౌండుకు పిలిచే సంస్థను, ఇంకా ఎన్ని ఉన్నాయని మర్యాదగా అడిగే హక్కు మీకుంది.

అపోహ: జవాబు రాలేదంటే నేను చాలనని అర్థం.

ఆందోళన పడేవాళ్లను ఎక్కువగా కుంగదీసేది ఇదే. బడ్జెట్ ఆగిపోవచ్చు, పిలిచిన మేనేజరే మారిపోవచ్చు, లోపలివాళ్లకే ఆ పని ఇవ్వవచ్చు. ఇవేవీ అభ్యర్థికి చెప్పరు. చెప్పకపోవడం తప్పే. ఇంటర్వ్యూ ముగిసేటప్పుడే నిర్ణయం ఎప్పటికి వస్తుందో, ఎవరిని అడగాలో తెలుసుకోండి. ఆ తేదీ దాటాక ఒక ఈమెయిలు పంపి, మిగతా దరఖాస్తులు ఆపకుండా సాగించండి. ఇంకొకటి కూడా తెలుసుకోండి. మొదట ఎంపికైనవారు వచ్చి చేరేదాకా రెండో స్థానంలో ఉన్నవారికి మేము 'కాదు' అని పంపం. మొదటివారు చివరి నిమిషంలో రానంటే, ఫోను చేసేది వాళ్లకే.