నాలుగు పలకల తాబేలు: విశాఖలో వన్యప్రాణుల బొమ్మల వెనక కథ

జనవరి, ఫిబ్రవరి నెలల్లో తెల్లవారుజామున విశాఖ తీరం వెంట నడిచేవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. ఇసుక మీద ఒక తాబేలు మెడ వాల్చేసి, కళ్లు ఉబ్బి, కదలకుండా పడి ఉంటుంది. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తూ దారిలో ట్రాల్ వలకి, అంటే మర పడవలు నీళ్లలో ఈడ్చుకుపోయే వలకి, చిక్కి చనిపోయిన ఆలివ్ రిడ్లీ జాతి తాబేలు అది. తాబేలుకి చేపలా మొప్పలు ఉండవు, మనలాగే ఊపిరితిత్తులుంటాయి. గాలి కోసం మధ్యమధ్యలో నీటి పైకి రావాలి. వలలో ఇరుక్కుపోతే సముద్రంలోనే పెరిగిన ప్రాణి కూడా ఊపిరాడక పోతుంది.

అలాంటి ఒక ఉదయాన, చనిపోయిన తాబేలుకి కాస్త దూరంలో ఒక ప్రహరీ గోడ మీద 'తాబేళ్లను కాపాడుకుందాం' అని రాసి వేసిన పెద్ద బొమ్మ చూశాను. రంగులు బావున్నాయి. వేసినవాళ్ల మనసు మంచిదే. కానీ పెంకు మీద నడుమ వరసకి అటు నాలుగు, ఇటు నాలుగు పలకలే ఉన్నాయి. అది పచ్చ తాబేలు అనే వేరే జాతి లెక్క. మన ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లీకి సాధారణంగా ఒక్కో పక్క ఆరో ఏడో ఉంటాయి, కొన్నిటికి ఇంకా ఎక్కువే. రెండు పక్కలా లెక్క సమానంగా కూడా ఉండదు చాలాసార్లు. ఇంకోచోట ఇంకో బోర్డు మీద సముద్రపు తాబేలుకి తెడ్డు రెక్కల బదులు గోళ్లున్న పొట్టి కాళ్లు వేసేశారు. అది చెరువు గట్టు మీద తిరిగే తాబేలు.

పలకలు ఎవరు లెక్కపెడతారు అంటారేమో. జాలరి లెక్కపెడతాడు. రోజూ చూసే ప్రాణిని తప్పుగా గీస్తే, ఆ బోర్డు పెట్టినవాళ్లకి తన సముద్రం గురించి ఏమీ తెలీదని అతనికి క్షణంలో అర్థమైపోతుంది. ఆ తర్వాత దాని కింద రాసిన మాట ఎంత గొప్పదైనా చదవడు. పైగా తెలుగులో నేల మీది తాబేలుకీ, చెరువు తాబేలుకీ, సముద్రపు తాబేలుకీ ఒకటే మాట. మాటలో లేని తేడాని బొమ్మే చూపించాలి.

బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. ప్రాణిని సరిగ్గా చూసి, సరిగ్గా గీసి, దాని పక్కన ఇక్కడివాళ్లు పిలిచే పేరు రాయడం అనే పని ఈ ఊళ్లో రెండు వందల ఏళ్ల కిందటే జరిగింది.

పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780ల్లో విశాఖపట్నంలో ఉన్నాడు. ఇక్కడ ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలు చూస్తున్న తమ్ముడు క్లాడ్‌కి తోడుగా వచ్చాడు. 1785లో కంపెనీ అతన్ని తన ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. పాము కాటుకి జనం చనిపోతున్నారు. ఏ పాము విషపుదో, ఏది కాదో తెలీక కనబడ్డ ప్రతిదాన్నీ చంపుతున్నారు. అందుకే పాముల్ని తెప్పించి, కోరలు పరీక్షించి, ఒక్కోదాన్నీ బొమ్మ గీయించడం మొదలుపెట్టాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆ పుస్తకంలో కోరమాండల్ తీరపు పాములు రంగుల్లో, పొలుసు పొలుసుగా కనిపిస్తాయి. చూసి గుర్తుపట్టడానికి గీసిన బొమ్మలవి, అందం కోసం గీసినవి కావు. అయినా అందంగానే ఉంటాయి.

నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైనది పేర్ల సంగతి. అప్పటికి చాలా పాములకి శాస్త్రీయ నామాలు లేవు. రస్సెల్ ఇక్కడివాళ్ల నోట విన్న తెలుగు పేర్లనే ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. 'కాటుక రేకుల పొడ' అని రాసిన పాముకే తర్వాత లోకమంతా రస్సెల్ పేరు పెట్టింది. మనం రక్తపింజర అని, ఉత్తరాంధ్రలో పొడపాము అని పిలిచేది అదే. 'బంగారు పాము' అని ఆయన విన్నదాని నుంచే కట్లపాముల జాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. ఇవాళ ప్రపంచంలో ఏ మూల పాముల శాస్త్రం చదివేవాళ్లయినా కట్లపాము పేరు పలికితే ఒక తెలుగు మాట పలుకుతున్నట్టే.

1803లో ఆయన ఇంకో పెద్ద పుస్తకం వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు అందులో ఉన్నాయి. పేరులోనే మన ఊరు ఉంది. ఆ బొమ్మలు గీసింది స్థానిక చిత్రకారుడు. ఉప్పుగాలిలో, పాడైపోతున్న చేప పక్కన కూర్చుని, రంగు మారిపోకముందే ఒక్కో ముల్లూ ఒక్కో పొలుసూ చూసి గీసిన మనిషి. పుస్తకం అట్ట మీద రస్సెల్ పేరు ఉంది, ఆయన పేరు లేదు. ఇది ఒక్క ఆయనకే జరిగిన అన్యాయం కాదు. రస్సెల్ తర్వాత ఆ ఉద్యోగంలోకి వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉంటూ మన మొక్కల్ని వందలాదిగా గీయించాడు. వాటి కథా ఇదే. ఈ తీరపు చెట్లూ చేపలూ పాములూ మొదట లోకానికి తెలిసింది మనవాళ్ల కుంచెతో. ఆ కుంచె పట్టినవాళ్ల పేర్లు మాత్రం మనకి తెలీవు.

ఆ బొమ్మలు ప్రాణుల్ని కాపాడ్డానికి వేసినవని చెప్పను. కంపెనీకి కావలసింది సమాచారం. బొమ్మ ఉద్యమానికి గుర్తుగా మారడం చాలా తర్వాతి మాట. 1961లో ప్రపంచ వన్యప్రాణి నిధి (WWF) మొదలైనప్పుడు లండన్ జూలో ఉన్న చి చి అనే పాండాని చూసి జెరాల్డ్ వాటర్సన్ స్కెచ్‌లు వేశాడు, వాటి ఆధారంగా ఆ సంస్థ స్థాపకుల్లో ఒకడైన పీటర్ స్కాట్ గుర్తు గీశాడు. నలుపు తెలుపుల్లో ఉంటే అచ్చు ఖర్చు తగ్గుతుందన్నది కూడా పాండాని ఎంచుకోవడానికి ఒక కారణం. ఆ ఒక్క గుర్తు ఎంత బలమైనదంటే, మన పిల్లల్ని అడవి జంతువు బొమ్మ వేయమంటే తాము ఎన్నడూ చూడని పాండాని వేస్తారు. అలుగుని వేయరు. దేవాంగ పిల్లిని వేయరు. ఊరి పక్కనే కంబాలకొండ అభయారణ్యం ఉన్నా, అక్కడ తిరిగే ప్రాణుల్లో పదింటి పేర్లు చెప్పమంటే పెద్దవాళ్లం కూడా తడుముకుంటాం.

మన రాష్ట్రంలోనే బొమ్మ ఒక ప్రాణిని వెతికి పెట్టిన కథ ఉంది. కలివికోడి అనే పిట్టని 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ వైద్యుడు లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980ల్లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు కడప జిల్లా పల్లెల్లో పక్షి బొమ్మ చూపిస్తూ తిరిగారు. పిట్టల్ని పట్టే ఐతన్న అనే ఆయన, రాత్రిపూట తిరిగే ఆ పిట్ట తనకి తెలుసన్నాడు. 1986 జనవరిలో పట్టుకొచ్చి చూపించాడు. ఎనభై ఆరేళ్లుగా శాస్త్రవేత్తలకి అందనిది, బొమ్మ సరైన మనిషి చేతిలో పడగానే దొరికింది. 1988లో తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా వేసింది. ఆ బొమ్మ తప్పుగా ఉండి ఉంటే ఐతన్న ఏమని ఉండేవాడు?

సముద్రం వైపు చూస్తే పెద్ద పాఠం గుజరాత్ నుంచి వచ్చింది. అక్కడి తీరంలో చుక్కల తిమింగల సొరని కాలేయం నూనె కోసం, మాంసం కోసం వేటాడేవాళ్లు. పీపాలు కట్టి వేటాడతారు కాబట్టి దాన్ని బ్యారెల్ అనే పిలిచేవాళ్లు. 2001లో చట్టం దానికి రక్షణ ఇచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన మనసులు మారవు కదా. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా మొదలుపెట్టిన ప్రచారంలో, నిజమైన కొలతలో గాలి నింపిన సొర బొమ్మని ఊరూరా తిప్పారు. రామకథ చెప్పే గురువు మొరారీ బాపు దానికి 'వ్హాలీ' అని పేరు పెట్టారు, ప్రియమైనది అని అర్థం. పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్ల అన్నారు. బ్యారెల్ కాస్తా బిడ్డ అయింది. వలలో పడితే జాలర్లే వల కోసి వదిలేయడం మొదలుపెట్టారు. ఇలా బతికి సముద్రంలోకి వెళ్లినవి వందల్లో ఉన్నాయి. ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. కోసిన వలకి అటవీ శాఖ పరిహారం ఇచ్చింది. బొమ్మ మనసు మార్చింది, డబ్బు పొయ్యి ఆరకుండా చూసింది. రెండోది లేకుండా మొదటిది నిలబడేది కాదు.

2021 డిసెంబరులో అదే చేప మన దగ్గరికీ వచ్చింది. అప్పటి విశాఖ జిల్లాలోని తంతడి తీరంలో వలకి చిక్కింది. అటవీ సిబ్బంది, జాలర్లు కలిసి దాన్ని తిరిగి లోతు నీళ్లలోకి పంపించారు. ఒక్కో తిమింగల సొర ఒంటి మీది చుక్కల అమరిక ఒక్కోలా ఉంటుంది, మన వేలిముద్రల్లాగే. ఆ చుక్కలే దాని గుర్తింపు కార్డు. ఇంత మంచి సంగతి మన తీరంలో జరిగితే దాన్ని గోడ మీద గీసి పెట్టుకోవద్దూ!

తాబేలు సంగతి ఇంత తేలిక కాదు. ఫిషింగ్ హార్బర్ 1976లో వచ్చింది, మర పడవలు పెరిగాయి, ట్రాల్ వలలు పెరిగాయి. ఆలివ్ రిడ్లీ 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు ప్రాణి, అంటే పులితో సమానం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. అది చేపల సంతానం కోసం పెట్టింది. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అప్పటికే చాలావరకు దాటిపోతుంది. వల గొంతు దగ్గర కడ్డీల జల్లెడ బిగిస్తే రొయ్యలు కడ్డీల సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు కడ్డీలకి తగిలి పక్కనున్న ద్వారంలోంచి బయటపడుతుంది. టెడ్ అంటారు దాన్ని. అది లేదనే 2019లో అమెరికా మన దేశపు సముద్రంలో పట్టిన రొయ్యల్ని వద్దంది. జాలరికి మాత్రం ఉన్నది ఒకటే టెన్షన్, ఆ ద్వారంలోంచి రొయ్య కూడా పోతే?

ఆ అనుమానాన్ని 'కాపాడుకుందాం' అనే నినాదం తీర్చలేదు. మంచి గీతల బొమ్మ కొంత తీర్చగలదు. వలని మధ్యకి కోసినట్టు చూపించి, కడ్డీల మధ్య ఎంత సందు ఉందో, రొయ్య ఎటు పోతుందో, తాబేలు ఎటు పోతుందో బాణం గుర్తులతో చెప్పే నాలుగు బొమ్మలు చాలు. ఇంజిన్ గది తలుపు మీద అతికించినా నీళ్లకి చెదరని కాగితం కావాలి. అక్షరాలు తక్కువ ఉండాలి, ఉన్నవి తెలుగులో ఉండాలి. వేలం పాడేచోట నాలుగు అడుగుల దూరం నుంచి కూడా అర్థమవ్వాలి. ఇదంతా గ్రాఫిక్ డిజైనర్ పనే. జాలీగా నవ్వే కార్టూన్ తాబేలు ఇక్కడ పనికిరాదు.

అదే తాబేలు గురించి బీచ్ రోడ్డులో హోటలు నడిపేవాళ్లకి చెప్పాల్సింది వేరు. గుడ్డు ఇసుకలో సుమారు యాభై రోజులు పొదుగుతుంది. రాత్రి బయటికొచ్చిన పిల్ల ఎటు వెలుతురు ఎక్కువ ఉంటే అటు పరుగెడుతుంది. చీకటి తీరంలో అయితే ఆ వెలుగు సముద్రం మీద ఉంటుంది. మన తీరంలో ఫ్లడ్ లైట్ల దగ్గర ఉంది. పిల్ల రోడ్డు వైపు నడుస్తుంది. ఈ విషయం ఒక్క బొమ్మలో చెప్పొచ్చు, రాత్రిపూట ఇసుక మీద అరచేతిలో పట్టేంత ప్రాణికి మన ఊరు ఎలా కనిపిస్తుందో గీస్తే చాలు.

కొండల వైపు పాముల కథ మళ్లీ రస్సెల్ దగ్గరికే తీసుకెళ్తుంది. మాడుగుల, చీడికాడ వైపు తోటల్లో గిరినాగు (కింగ్ కోబ్రా) కనిపిస్తే ఒకప్పుడు కర్రలు లేచేవి. ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ ఏళ్లుగా ఆ ఊళ్లలో తిరుగుతూ ఆ పాము ఇతర పాముల్ని తిని బతుకుతుందనీ, దాన్ని చంపొద్దనీ చెబుతోంది. పాముల్లో ఆకులు పోగేసి గూడు కట్టేది గిరినాగు ఒక్కటే. గూటి మీద కాపలా కాసే తల్లి పాము బొమ్మ ఒకటి బడి గోడ మీద ఉంటే, పడగ విప్పిన పాము బొమ్మ కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. భయపెట్టే బొమ్మలు మనకి ఇప్పటికే చాలా ఉన్నాయి.

అక్టోబరు మొదటి వారంలో వన్యప్రాణి వారోత్సవాలప్పుడు మన జూలో పిల్లలకి బొమ్మల పోటీలు పెడతారు. ఆ పిల్లల చేతికి పాండా ఫొటో బదులు రస్సెల్ పుస్తకంలోని బొమ్మలు ఇవ్వాలని నా కోరిక. రెండు వందల ఏళ్లు దాటాయి కాబట్టి వాటికి హక్కుల గొడవ లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఆ చేపల కింద పేర్లు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. నల్ల చందువా. పాల సొర. కొమ్ము సొర. తెల్లవారుజామున హార్బరుకి వెళ్తే ఈ పేర్లు ఇప్పటికీ వినబడతాయి. వాటి మధ్యే ఒక బొమ్మ ఉంది, రంపంలా పళ్లున్న పొడవాటి మూతితో. రస్సెల్ దాని కింద తాను విన్నట్టు 'యాహ్లా' అని రాసుకున్నాడు. రంపపు మూతి చేపలు ఇవాళ ప్రపంచమంతటా అంతరించే అంచున ఉన్నాయి. హార్బరులో ఆ పేరు వినబడదు.